మూడో రోజు మధ్యాహ్నం

గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవై. పెద్ద డాక్టరమ్మ గదిలో, బల్ల మీద ఒక గాజు సీసా. అందులో నాలుగు చెంచాల నీళ్లు. డిటెక్టివ్ ఆ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. రంగు లేదు, మడ్డి లేదు. ఇప్పుడే కుళాయి కింద పట్టి తెచ్చినట్టుంది.

"మూత తీసి వేలు మాత్రం పెట్టకండి. అది నీళ్లు కాదు, క్లోమంలో ఊరే రసం. మాంసాన్ని కరిగించేస్తుంది," అంది పెద్ద డాక్టరమ్మ.

"ఇది మన కడుపులోనే ఊరుతుందా?"

"రోజుకి లీటరు పైన. పేగులోకి పోతే తిన్నది అరిగిస్తుంది. దారి తప్పి బయటికి కారిందా, పక్కన ఏది దొరికితే దాన్ని అరిగిస్తుంది. రక్తనాళమైనా సరే. తనా పరా తెలియదు దానికి."

అమ్మ బాబోయ్ అనుకుంది డిటెక్టివ్. ఇన్నేళ్లుగా ఎన్ని రకాల విషాలు చూసింది! పుట్టిన దగ్గర్నుంచీ ఇలాంటిది సొంత పొట్టలోనే పెట్టుకుని తిరుగుతున్నానన్న సంగతి ఈ ఉదయమే తెలిసింది. సీసాను నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు మెల్లగా బల్ల మీద దించింది.

పోలీసు డిపార్టుమెంటులో ఉన్న ఇరవై ఆరేళ్లూ ఆవిడను అందరూ 'అత్తగారు' అనే పిలిచారు. పెళ్లే కాని మనిషికి ఆ పేరేమిటంటే, ఆవిడ ప్రశ్నలు అలాంటివి మరి. ఎన్నింటికి వెళ్లావు, ఎన్నింటికి వచ్చావు, వెళ్లేటప్పుడు తలుపు వేశావా, వేస్తే గడియ ఎవరు తీశారు... ఏ కొత్త కోడలూ అంత ఆరా భరించి ఉండదు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. ఇప్పుడైతే ఫోనెత్తి తనే "అత్తగార్ని మాట్లాడుతున్నా" అనేస్తుంది.

నిన్న సాయంత్రం ఆ ఫోనుకే వచ్చింది ఈ కేసు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఒకమ్మాయి ఏడుపు ఆపుకుంటూ గబగబా మాట్లాడింది. "మా నాన్న ప్లంబరండీ. క్లోమంలో గడ్డ వచ్చింది. పోయిన వారం సోమవారం పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. లోపల అతుకు కారుతోందంటున్నారు. ఆవిడ చేతులు వణుకుతున్నాయని పోలీసులకి ఎవరో ఉత్తరం రాశారట. రేపు పన్నెండింటికి ఆవిడని స్టేషనుకి తీసుకెళ్లిపోతారట. మా నాన్నకి మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తే ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలియాలి. చెప్పగలరా?"

అదీ ప్రశ్న. పన్నెండు లోపల జవాబు కావాలి.

"పాత లెక్క చెప్పండి," అంది డిటెక్టివ్, నోటు పుస్తకం తీస్తూ.

"పదేళ్లుగా, నేను చేసినవాళ్లలో పదిమందికి ఒకరికి అతుకు కారేది. ఈ ఆపరేషన్‌కి అది మంచి లెక్కే. గత ఏడు నెలల్లో ఇరవై మందికి చేశాను. ఏడుగురికి కారింది. ఆరుగురు బతికారు. ఈ ప్లంబరు గారు ఆరోవారు, ఇంకా జ్వరంతో ఉన్నారు. కుట్టుపని నేర్పే టీచరొకావిడ పోయింది." పెద్ద డాక్టరమ్మ బల్ల మీది కేసు షీట్ల కట్ట సవరించింది. అరవై ఏళ్ల మనిషి, కళ్ల కింద నల్లటి గుంటలు. "ఎందుకో నాకు తెలియడం లేదండీ. రోజూ పొద్దున్నే లేచి చేతులు చూసుకుంటున్నాను."

"వణుకుతున్నాయా?"

"చెప్తే నమ్ముతారా? మీరే చూడండి."

ఆవిడ ముందు కాగితం మీద బొమ్మ గీసింది. క్లోమం తల భాగాన్ని గడ్డతో సహా కోసి తీసేస్తారు. దాన్ని అంటిపెట్టుకున్న పేగు ముక్క, పిత్తనాళం చివర కూడా పోతాయి. ఇక మిగిలేవి మూడు తెగిన కొసలు. వాటిని మళ్లీ పేగుకు కలపాలి. క్లోమానికి ఒక అతుకు, పిత్తనాళానికి ఒకటి, జీర్ణాశయానికి ఒకటి. దేవుడు ఒక్కసారి వేసిన దారిని మనిషి కూర్చుని రెండోసారి వెయ్యడమన్నమాట.

"వీటిలో రాక్షసి ఈ మొదటిది," అంది. "క్లోమం వెన్నముద్దలా ఉంటుంది. దారం లాగితే కోసుకుపోతుంది, లాగకపోతే కారుతుంది. దాని నాళం అగ్గిపుల్లంత."

తర్వాత కాగితపు రుమాలు ఒకటి తడిపి చిన్న చట్రం మీద పరిచింది. మధ్యలో అగ్గిపుల్ల దూరేంత చిల్లు చేసింది. రబ్బరు తొడుగు వేలొకటి కత్తిరించి దానికీ అంతే చిల్లు. భూతద్దాలున్న కళ్లజోడు పెట్టుకుంది. సూది కనబడింది కానీ దారం ఎక్కడుందో డిటెక్టివ్‌కు అంతుపట్టలేదు. వెలుతురు పడ్డప్పుడు మాత్రం ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది. ఎనిమిది కుట్లు, ఎనిమిది ముళ్లు. పదకొండు నిమిషాలు.

పెద్ద డాక్టరమ్మ చట్రాన్ని పైకెత్తింది. తడి కాగితానికి రబ్బరు వేలు వేలాడుతోంది. కాగితం చిరగలేదు! వేల్లోకి నీళ్లు పోస్తే చుక్క కారలేదు.

డిటెక్టివ్ ఎన్ని చేతులు చూడలేదు! ఇనప్పెట్టెలు తెరిచే దొంగల వేళ్లు చూసింది, దొంగ సంతకాలు పెట్టే మహానుభావుల చేతులు చూసింది. ఇలాంటివి మాత్రం చూడలేదు. ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేసింది కూడా.

"అయ్యో, ఏమిటండీ ఇది!" అంది పెద్ద డాక్టరమ్మ సిగ్గుపడి.

"ఇంత గట్టిగా కుట్టాక మళ్లీ ట్యూబులెందుకు?"

"అతుకు మానేదాకా రసం దాన్ని తడపకూడదు. అందుకని నాళంలో ఒక సన్న ట్యూబు పెట్టి పొట్ట బయటికి తెస్తాను. రసం దాంట్లోంచి బ్యాగులోకి పోతుంది. అది రసానికి దారి. పక్కనే ఇంకో లావు ట్యూబు. లోపల ఏదైనా కారితే అందులో తెలుస్తుంది. అది మనకి కాపలా. మా చిన్న డాక్టరు పద్ధతి వేరు. ఆయన క్లోమాన్ని పేగుకి కాదు, జీర్ణాశయానికే అతుకుతాడు. సన్న ట్యూబు పెట్టడు, లావుదొక్కటే. ఏది మంచిదో తేల్చడానికి ఏడు నెలలుగా స్టడీ నడుస్తోంది. ఆయన ఇరవై మందిలో ఇద్దరికే కారింది."

"స్టడీకి ఏడు నెలలు. మీ కష్టాలకీ ఏడు నెలలే."

పెద్ద డాక్టరమ్మ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది. అలా లెక్క కట్టి చూసుకున్నట్టు లేదు.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. పదీ అయిదు. వచ్చినవాడు ఇన్స్పెక్టరు, ముద్దుపేరు సైరన్. పక్క సందులోకి వెళ్లినా సైరన్ మోగించుకుంటూ వెళ్తాడు. నాలుగేళ్లు అత్తగారి కిందే పని నేర్చుకుని, ఆవిడ కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఇక్కడ కూడా మీరేనా అత్తగారూ? ఆస్పత్రిలో కోడళ్లెవరూ లేరే!"

"నువ్వున్నావుగా నాయనా. పన్నెండింటికని చెప్పి పదింటికే వచ్చావేం?"

"పారిపోకుండా చూసుకోవాలి కదా."

"ఎవరు? ఆవిడా? పది రోజులుగా ఆ పేషెంటు మంచం దగ్గర్నుంచి ఇంటికే పోలేదు, పైగా పారిపోతుందా?"

"ఉత్తరం ఉంది. సాక్షి కూడా ఉన్నాడు. చిన్న డాక్టరు సంతకం పెట్టి స్టేట్‌మెంటు ఇచ్చాడు. 'నాలుగు నెలలుగా ఆవిడ చేతులు వణకడం కళ్లారా చూస్తున్నాను' అని. నిప్పు లేనిదే పొగ రాదు."

"పొగ కనపడగానే వంటింట్లో ఉన్నావిడ్ని పట్టుకుపోవడమేనా? నిప్పెక్కడుందో చూసేదేమైనా ఉందా?" డిటెక్టివ్ బల్ల మీది కేసు షీట్ల కట్ట ముందుకు లాక్కుంది. "డాక్టరమ్మా, మీరు ఏయే రోజులు ఆపరేషన్లు చేస్తారు?"

"సోమవారం, గురువారం."

"కారినవాళ్లు ఏడుగురూ?"

పెద్ద డాక్టరమ్మ ఒక్కొక్కటే తిప్పింది. నాలుగో షీటు దగ్గర ఆవిడ వేలు నెమ్మదించింది. ఏడోది తిప్పేసరికి మొహం మారిపోయింది. "అన్నీ సోమవారాలే."

"గురువారంవి?"

"తొమ్మిది. ఒక్కటీ కారలేదు."

డిటెక్టివ్ సైరన్ వైపు తిరిగింది. "విన్నావా? ఈవిడ చేతులు సోమవారాలే వణుకుతాయట. గురువారం వచ్చేసరికి కుదురుకుంటాయట. ఇదేం జబ్బో మీ ఉత్తరంలో రాశారా?"

సైరన్ మీసం సవరించుకున్నాడు. "నాకు ఆర్డరుంది. పన్నెండు కొడితే తీసుకెళ్తా. అప్పటిదాకా ఆవిడ పేషెంటు మీద చెయ్యి వెయ్యకూడదు."

"నాకు రెండు గంటలు చాలు," అంటూ డిటెక్టివ్ కేసు షీట్ల కట్ట చంకన పెట్టుకుని లేచింది.

పదిన్నరకు వార్డులో ఉంది. ప్లంబరు మంచం కిటికీ పక్కన. డెబ్బై ఏళ్ల మనిషి, జ్వరానికి పెదాలు ఎండిపోయాయి కానీ కళ్లు చురుగ్గానే ఉన్నాయి. కూతురు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. డిటెక్టివ్ ముందు మనుషుల్ని పలకరించలేదు. వంగి ట్యూబుల్ని పలకరించింది. పొట్ట మీంచి రెండు వస్తున్నాయి, ఒకటి బొటనవేలంత లావు, ఒకటి లేసు అల్లే సూదంత సన్నం. సంచిలోంచి భూతద్దం తీసింది. లావు ట్యూబు మీద, చర్మానికి జానెడు దూరంలో, ప్లాస్టిక్ నొక్కుకుపోయి తెల్లబడ్డ గాటు ఒకటి. సన్న ట్యూబు మీద కూడా, సరిగ్గా అంతే దూరంలో, అలాంటిదే ఇంకొకటి.

"ఏమిటి తల్లీ, లీకు వెతుకుతున్నావా?" అన్నాడు ప్లంబరు.

"అవును బాబాయ్ గారూ. మీకేమైనా కనపడిందా?"

"నాన్నా, మాట్లాడకు, ఆయాసం వస్తుంది," అంది కూతురు.

"ఊరుకోవే. నా పైపుల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?" ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు. "జాయింటు కారిందంటే అందరూ జాయింటు వేసినవాణ్ణే తిడతారు తల్లీ. నలభై ఏళ్లు తిన్నాను ఆ తిట్లు. తీరా వెళ్లి చూస్తే ఎవడో కింద వాల్వు మూసి ఉంటాడు. నీళ్లకి పోయే దారి లేకపోతే ఎంత మంచి జాయింటైనా ఎంతసేపు ఆగుతుంది?"

డిటెక్టివ్ చేతిలో భూతద్దం అలాగే ఆగిపోయింది. "మీ వాల్వు ఎవరైనా మూశారా?"

"ఎవరు మూశారో చూళ్లేదు, మత్తుగా ఉంది. మూసిందైతే నిజం. ఆపరేషనైన వారం గురువారం. నొప్పి మర్చిపోదామని సన్న ట్యూబులో చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను. నిమిషానికి మూడు. రెండింటికి ఆగిపోయాయి. ఆరింటిదాకా ఒక్క చుక్క పడలేదు. కడుపులో గట్టిగా బిగేసినట్టు నొప్పి. చెప్తే 'పడుకో తాతా' అన్నారు."

"జ్వరంలో కలవరిస్తున్నాడనుకున్నామండీ," అంది కూతురు. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు. "నేను కూడా అలాగే అనుకున్నాను."

మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న చార్టు అందుకుంది డిటెక్టివ్. ఆ గురువారం, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా గంటకొక గడి, ఆరు గళ్లు. సన్న ట్యూబు వరసలో ఆరింట్లోనూ 'ఏడు' మిల్లీలీటర్లు. వార్డు నర్సును పిలిచింది. "గంటగంటకీ ఏడే కారిందా అమ్మా? నల్లా నీళ్లు కూడా ఇంత బుద్ధిగా రావే!"

వార్డు నర్సు చేతులు నలుపుకుంది. "ముప్ఫై మందికి ఇద్దరమండీ. గంటగంటకీ ఎక్కడ కొలవగలం? ఆరింటికి బ్యాగు ఖాళీ చేసి, వచ్చినదాన్ని ఆరుతో భాగించి గళ్లలో వేసేస్తాం. అందరం అంతే."

"ఆ రోజు ఆరింటికి బ్యాగు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చూశావు?"

"సన్న ట్యూబుని నొక్కి మూసే క్లాంపు పెట్టి ఉంది. శాంపిల్ కోసం వేశారనుకుని తీసేశాను. తియ్యగానే రసం గబగబా వచ్చింది."

"అది రాశావా?"

"క్లాంపుల సంగతి రాయడానికి గడి ఉండదు మేడమ్. ఎంత వచ్చిందో రాయడానికే ఉంటుంది."

శాంపిళ్లు తీసేదెవరో పిలవమంటే, పదీ యాభై అయిదుకు శాంపిల్ నర్సు వచ్చింది. చిన్న డాక్టరు స్టడీ కోసమే పెట్టిన మనిషి. ముప్ఫై ఏళ్లుంటాయి, మాటలో వినయం, పనిలో శుభ్రం. చొక్కా జేబులో నాలుగు క్లాంపులు వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఎప్పుడు వస్తావు అమ్మాయ్ ఈ పేషెంట్ల దగ్గరికి?"

"ఆపరేషనైన మూడో రోజు, మధ్యాహ్నం రెండింటికి."

"ఆదివారాలు?"

"సెలవండీ. ఆదివారం పడితే వార్డు సిస్టర్లే బ్యాగులోంచి తీసి పంపేస్తారు."

డిటెక్టివ్ వేళ్ల మీద లెక్కపెట్టింది. సోమవారం ఆపరేషనైతే మూడో రోజు గురువారం. గురువారం ఆపరేషనైతే మూడో రోజు ఆదివారం. "వచ్చి ఏం చేస్తావు? నాకు చేసి చూపించు. ముట్టుకోకుండా."

శాంపిల్ నర్సు జేబులోంచి మడిచిన కాగితం తీసింది. "ఇందులో ఉన్నట్టే చేస్తానండీ. 'ట్యూబు అరగంట మూయాలి. తాజాగా చేరిన ద్రవాన్ని సిరంజితో తీయాలి. ట్యూబు తెరవాలి.' అరగంట మూస్తాను, లావు దాంట్లోంచి తీస్తాను, తెరిచేస్తాను."

"లావు దాన్ని. మరి సన్నది?"

"చిన్న సార్ పేషెంట్లకి ఒకటే ట్యూబండీ. నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. పెద్ద మేడమ్ పేషెంట్లకి రెండున్నాయి కాబట్టి రెండూ..." అమ్మాయి ఆగింది. "సన్న దాంట్లోంచి నాకు శాంపిల్ అక్కర్లేదు. అందుకని దాని జోలికి మళ్లీ వెళ్లను. ఆరింటికి బ్యాగు కొలిచేటప్పుడు వాళ్లే తీస్తారు కదా అని..."

వాక్యం పూర్తవలేదు. మంచం మీది ముసలాయనను చూసింది, జేబులో క్లాంపులను చూసుకుంది. గోడకు ఆనుకుంది. "కారిందో లేదో కొలవడానికి వచ్చి... నేనే... ఆ టీచరమ్మది కూడా నేనేనా అండీ?"

సైరన్ అప్పుడే వచ్చి తలుపులో నిలబడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. కాగితం రాసినవాడు 'ట్యూబు' అని ఊరుకున్నాడు, మూసినమ్మాయి తెరిచేది వాళ్లనుకుంది, తెరిచినామె మూసింది అవసరానికే అనుకుంది. అందరూ చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకునే పనిచేశారు. నాలుగు గంటలు ఆ రసానికి దారి లేకుండా పోయింది. మహత్తరమైన ఆ కుట్లు నాలుగు గంటలు దాన్ని ఒంటరిగా మోశాయి! డిటెక్టివ్‌కు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. భయం లాంటి ఆశ్చర్యమేదో వచ్చి గుండెల్లో కూర్చుంది.

అయినా లెక్క తేలలేదు. "సోమవారంవి పదకొండు. ఏడే కారాయి. మిగతా నాలుగు?"

శాంపిల్ నర్సు కళ్లు తుడుచుకుంది. "ఒకరప్పుడు నేను సెలవులో ఉన్నాను. ఇద్దరికి మామూలుగానే చేశాను, ఏమీ కాలేదు, వాళ్ల అదృష్టం. ఇంకొకావిడకి చిన్న సార్ వద్దన్నారు. కేసు షీటులో రాశారు కూడా."

డిటెక్టివ్ కట్టలోంచి ఆ షీటు తీసి చదివింది. మొదటి పేజీ తిరగేసి పేరు కింద రాసింది కూడా చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"అత్తయ్యగారూ," అంది కూతురు సన్నగా. "ఇటు చూడండి."

లావు ట్యూబులో, మురికిరంగు ద్రవం మధ్యగా, ఎర్రటి దారప్పోగంత గీత ఒకటి మెల్లగా దిగుతోంది. పదకొండూ పది.

పెద్ద డాక్టరమ్మ పరుగున వచ్చింది. ట్యూబును చూసి, ముట్టుకోకుండానే వెనక్కు తిరిగింది. "ఇది కబురు మాత్రమే. అతుకులోంచి కారిన రసం పక్కనున్న రక్తనాళాన్ని తినేస్తోంది. ఈ చిన్న గీత వెనకాలే వరద వస్తుంది. గంట పట్టొచ్చు, రోజు పట్టొచ్చు. వచ్చాక మాత్రం నిమిషాలే. తీగల డాక్టరుని పిలవండి. తొడలోంచి తీగ పంపి ఆ నాళాన్ని లోపల్నుంచే మూసేస్తారు. అది కుదరకపోతే నేను పొట్ట తెరవాలి, సిద్ధంగా పక్కనే ఉండాలి."

"మీరు కాదు," అన్నాడు సైరన్, ఇష్టం లేని గొంతుతోనే. "ఆర్డరుంది."

"కంగారు పడకండి, నేనున్నాను." వెనక నుంచి మెత్తటి గొంతు. చిన్న డాక్టరు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ నలగని కోటు. కూతురి చేతికి ఒక కాగితం, పెన్ను ఇచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. మిగిలిన క్లోమం మొత్తం తీసేస్తాను. రసం ఊరే చోటే లేకపోతే గొడవే ఉండదు."

"అక్కర్లేదు!" పెద్ద డాక్టరమ్మ మాట గదిలో ఖంగున మోగింది. "తీసేస్తే బతికినన్నాళ్లూ తీవ్రమైన సుగర్‌తో సతమతమవుతాడు. అసలు బల్ల మీదే పోవచ్చు. లోపల ఏ ముడి ఎక్కడ వేశానో నాకు తెలుసు."

కూతురు పెన్ను పట్టుకుని అటొకసారి ఇటొకసారి చూసింది. "అత్తయ్యగారూ, చెప్పండి. ఎవరి చేతిలో పెట్టను?"

పదకొండూ ఇరవై అయిదు. డిటెక్టివ్ సంచిలోంచి మడిచిన షీటు తీసింది.

"చిన్న డాక్టరు గారూ, ఒక్కటే ప్రశ్న. పెద్ద డాక్టరమ్మ చేతులు నాలుగు నెలలుగా వణుకుతున్నాయని మీరు సంతకం పెట్టారు. అవునా?"

"అవును. చెప్పడానికి బాధగానే ఉంది..."

"బాధ తర్వాత పడుదురుగాని. ఈ షీటు రెండు నెలల కిందటిది. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ, క్లోమంలో గడ్డ, సోమవారం ఆపరేషన్. చేసింది పెద్ద డాక్టరమ్మ, పేగుకి అతికే పద్ధతిలోనే. మూడో రోజు పొద్దున ఇందులో ఒకరు రాశారు. 'సన్న ట్యూబును ఎవరూ ముట్టుకోరాదు. శాంపిల్ తీయరాదు.' రెండింటి నుంచి ఆరింటిదాకా మంచం పక్కనే కూర్చున్నట్టు వార్డు సిస్టరు రాసుకుంది. చేతిరాత మీదే. ఆ పేషెంటు మీకేమవుతారు?"

చిన్న డాక్టరు షీటు కోసం చెయ్యి చాచాడు.

"పేరు కింద రాసే ఉంది, నేనే చదువుతాను. తల్లి." డిటెక్టివ్ షీటును సైరన్ చేతిలో పెట్టింది. "వణికే చేతులకి కన్నతల్లి పొట్ట అప్పజెప్పారా నాయనా? మీ పద్ధతి అంత గొప్పదైతే మీ అమ్మకెందుకు చేయించలేదు? ఆవిడ ట్యూబుకి కాపలా కూర్చున్నారే, మరి వీళ్ల నాన్న ట్యూబు మాటేమిటి?"

సైరన్ షీటు చదివాడు. చదివి, నిలబడ్డ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. "డాక్టరమ్మగారూ, మీరు వెళ్లండి. ఆర్డరు సంగతి నేను చూసుకుంటాను."

కూతురు చేతిలోని కాగితాన్ని రెండుగా చించేసింది.

తీగల గదికీ బయట వసారాకూ మధ్య పెద్ద అద్దం ఉంది. డిటెక్టివ్, కూతురు అద్దానికి అతుక్కుపోయి నిలబడ్డారు. లోపల పెద్ద డాక్టరమ్మ ఆకుపచ్చ గౌనులో, చేతులు కడుక్కుని, అవసరమొస్తే అడుగు ముందుకు వెయ్యడానికి సిద్ధంగా ఉంది. తీగల డాక్టరు ప్లంబరు తొడలోంచి వెంట్రుకంత తీగ పంపాడు. గోడ మీది తెరపై ఆ తీగ గుండె కింద దాకా పాక్కుంటూ వెళ్లింది. మందు వదలగానే, ఎక్కడా ఏమీ లేనిచోట, నల్లటి కొమ్మలు, రెమ్మలు, చిగుళ్లతో ఒక చెట్టు విచ్చుకుంది. మనిషి లోపల ఇంత ఉందా అని డిటెక్టివ్ ముక్కున వేలేసుకుంది. ఒక కొమ్మ చివర మాత్రం బఠాణీ గింజంత బుడగ. ఉండకూడని చోట ఉబ్బి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అదురుతోంది.

"అదేనా?" అంది కూతురు.

"అదేనమ్మా."

తీగ ఆ కొమ్మలో దూరింది. దాని మొనలోంచి సన్నటి చుట్టలు ఒకటి, రెండు, మూడు జారాయి. మళ్లీ మందు వదిలారు. చెట్టంతా విచ్చుకుంది, బుడగ మాత్రం రాలేదు. పెద్ద డాక్టరమ్మ తలతిప్పి అద్దం వైపు చూసి, అవసరం పడని ఆ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. పన్నెండూ నలభై. కూతురు నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. డిటెక్టివ్ కళ్లు కూడా తడిశాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

వసారా చివర బెంచీ మీద చిన్న డాక్టరు తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన సైరన్, ఎదురుగా శాంపిల్ నర్సు.

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది డిటెక్టివ్.

"మూడో పేషెంటుకి కారినప్పుడు. ఆరింటికి వార్డులో ఉన్నాను, క్లాంపు తియ్యడం చూశాను. చెప్పాలనే అనుకున్నాను." చిన్న డాక్టరు కోటు గుండీ తిప్పుతూ అన్నాడు. "అప్పటికే లెక్కలు నావైపు వస్తున్నాయి. ఇంకొక్క వారం చూద్దామనుకున్నాను. నేను ఎవరికీ ఏమీ చెయ్యలేదండీ. ఊరుకున్నానంతే."

"ఊరుకోవడానికి ముందు ముగ్గురు, తర్వాత నలుగురు. ఆ నలుగుర్లో ఒకావిడ లేదు." సైరన్ గొంతులో ఎగతాళి లేదు.

డిటెక్టివ్ శాంపిల్ నర్సు చేతిలోంచి మడిచిన కాగితం అందుకుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. భూతద్దం పెట్టి చదివింది. 'ప్రతి నం. 3/12.'

"పన్నెండేమిటి నాయనా? ఈ కాగితం ఇంకెక్కడికి వెళ్లింది?"

చిన్న డాక్టరు తలెత్తాడు. ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. అసలు ఆ సంగతే మర్చిపోయాడని మొహమే చెప్పింది. "స్టడీ పెద్దది చేద్దామని... పోయిన నెల పంపాం. ఇంకో పదకొండు ఆస్పత్రులకి."

"వాళ్ల పేషెంట్లకి సన్న ట్యూబులుంటాయా?"

"సగం మందికి."

"సోమవారం ఆపరేషనైనవాళ్లు ఉంటారా?"

అతను వేళ్లతో లెక్కపెట్టబోయి ఆపేశాడు. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది; క్లాంపులు పడే రెండింటికి ఇంక యాభై నిమిషాలు. గురువారం. మూడో రోజు.

"నంబర్లు చెప్పు. ఏడుపు తర్వాత," అంది డిటెక్టివ్, ఫోను తీస్తూ.

శాంపిల్ నర్సు లేచి నిలబడింది. జేబులోని నాలుగు క్లాంపులూ తీసి బెంచీ మీద పెట్టింది. "నాకివ్వండమ్మా. నేను మాట్లాడతాను. అక్కడ కూడా నాలాంటిదే ఎవరో ఉంటుంది. ఏ ట్యూబో, ఎలా చెప్తే దానికి అర్థమవుతుందో నాకే తెలుసు."

ఆ అమ్మాయి గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. చేసింది చెప్పుకుంది, ఏ ఆస్పత్రిలోనూ దాచలేదు. "నా చేతుల మీదుగా ఒకావిడ పోయింది అక్కా, నువ్వు ఆ సన్నదాన్ని ముట్టుకోకు," అని పదిసార్లు, పదిమందికి చెప్పింది. పదిచోట్లా అవతలివాళ్లు పరుగెత్తడం ఫోనులో వినిపించింది.

పదకొండో నంబరు మోగుతూనే ఉంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. రెండు కావడానికి నాలుగు నిమిషాలుంది.